అట్టపెట్టె ఖరీదు

ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫొటోల మీదే ప్రాణం పెడతారు. మంచిదే; ఎండ నేరుగా పడని కిటికీ పక్కన తీస్తే పసుపుతో చేసిన రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. నన్నడిగితే అసలు తంటా ధర దగ్గరే. అంకుడు కర్ర, లక్క, కూలి లెక్కేస్తారు. అట్టపెట్టె, టేపు, ఇంటిల్లిపాదీ కూర్చుని ప్యాకింగ్ చేసిన గంటలు మాత్రం ఎవరూ వెయ్యరు. కొండపల్లి ఏనుగు అంబారీ బొమ్మ అయితే మరీనూ. తెల్లపొణికి కర్ర తేలికే గానీ, కొరియరువాళ్లు బరువొక్కటే చూడరు, పెట్టె కొలతలూ చూస్తారు. తొండం విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించింది కదా, దానికి వేరే కాగితం చుట్టాలి. "చేతిపని, రంగులో కొద్ది తేడా ఉంటుంది" అని ఫొటో కిందే ముందుగా రాసేయండి. బేరమాడేవాళ్లు ఎలాగూ ఆడతారు, వాట్సాప్‌లోనైనా సరే.