మూడు మృగాలు, మూడు మర్యాదలు

2024 ఫిబ్రవరి 20, మంగళవారం, ఆత్మకూరు

శివరాత్రికి వెంకటాపురం మీదుగా శ్రీశైలం నడిచిపోవాలని ఇంట్లో నిశ్చయమైంది. వదిన పిల్లలిద్దరూ వస్తామంటున్నారు. అత్తయ్యకు ఒకటే బెంగ, పెద్దపులి. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983 నుంచి ప్రాజెక్ట్ టైగర్ కింద ఉంది. పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది ఇదే. ఆ మాట విన్నవాళ్ళకు ప్రతి పొద వెనకా పులి కూర్చున్నట్టే ఉంటుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, అడవిలో దెబ్బతిన్నవాళ్ళను చూశాను. నేను చూసినవాళ్ళల్లో పులి బారిన పడినవాళ్ళు లేరు. బుగ్గ చీలినవాళ్ళు, కన్ను పోయినవాళ్ళు ఉన్నారు. అవన్నీ ఎలుగుబంటి చేసిన గాయాలు.

ఫిబ్రవరి 24, శనివారం

అటవీ శాఖ బేస్ క్యాంపులో పనిచేసే చెంచు పెద్దాయన మనవణ్ణి చూసిపోదామని బడికొచ్చాడు. “అడవిలో నీకు దేనికి భయం, తాతా?” అని అడిగాను.

“ఎలుగుకే, టీచరమ్మా. పులి మనల్ని ముందే చూస్తాది, పక్కకు పోతాది. ఎలుగు మనం దాని మీద పడిందాకా చూడదు.”

ఎంత నిజం! ఎలుగుకు వాసన బాగా తెలుస్తుంది గానీ చూపు, వినికిడి అంతంత మాత్రం. పైపళ్ళల్లో ముందు రెండూ ఉండవు. ఆ సందులోంచే చెదపురుగులను జుర్రుకుంటుంది. పుట్ట తవ్వుతున్నప్పుడు దాని ఊపిరి చప్పుడు మనకు దూరం నుంచే వినిపిస్తుంది, మన అడుగుల చప్పుడు మాత్రం దానికి వినిపించదు. తలెత్తేసరికి మనిషి ఎదురుగా ఉంటాడు. పులులున్న అడవుల్లోనే తరతరాలుగా బతికిన జంతువు అది. పరుగెత్తి తప్పించుకోవడం కన్నా తిరగబడటమే దానికి అలవాటు. పిల్లలను వీపున మోస్తున్న తల్లి అయితే చెప్పనక్కర్లేదు. తినడానికి కాదు, భయంతో కొడుతుంది. కొట్టేది ముఖం మీదే.

ఉద్దానం జీడితోటల్లోనూ ఇదే కథ. చీకటితో తోటకు పోయిన మనిషి, తిండికి వచ్చిన ఎలుగు ఒకే చెట్టు కింద ఎదురుపడతారు. ఇద్దరిలో ఎవరికీ రెండోవాళ్ళతో పని లేదు. అయినా ప్రాణాలు పోయాయి.

ఫిబ్రవరి 28, బుధవారం

చిరుత సంగతి వేరు. అది మనకు దూరంగా పోదు, పొరుగునే ఉంటుంది. కుక్క, మేక, కుందేలు, కోతి, ఏది దొరికితే దానితో కడుపు నింపుకుంటుంది కాబట్టి ఊరి అంచునే బతకగలదు. ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడకుండా తిరుగుతుంది. పెద్దవాళ్ళ జోలికి రావడం అరుదు. చీకట్లో ఒంటరిగా ఉన్న పసిపిల్లల విషయంలో ఆ మాట అనలేం.

గత ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపింది. తల్లిదండ్రులు వెనకాలే వస్తున్నారు. అంతకు ముందు జూన్‌లో ఒక పిల్లవాణ్ణి అదే దారిలో ఈడ్చుకుపోతే, జనం కేకలకు వదిలేసింది. వాడు బతికాడు. ఆ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి చదివాను. పిల్లలకూ పెద్దలకూ మధ్య దూరం ఎంత, జనం ఎంత దగ్గరలో ఉన్నారు అన్నదే అక్కడ ప్రాణానికి కొలత. తర్వాత పొద్దు వాలకముందే పిల్లలను ఆ దారిలో ఆపేశారు, భక్తులకు చేతికర్రలిచ్చారు. కర్రల గురించి నవ్వినవాళ్ళున్నారు. నేను నవ్వను. చిరుత ఎదురైనప్పుడు నిటారుగా నిలబడి, చేతులెత్తి, గట్టిగా అరవాలి. చేతిలో కర్ర ఉంటే మనిషికి నిలబడే ధైర్యం వస్తుంది.

మార్చి 2, శనివారం

పులి గురించి జిమ్ కార్బెట్ పుస్తకం మళ్ళీ తీశాను. 1907లో ఆయన చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. దాని నోట్లో కుడివైపు కోరలు పైదీ కిందిదీ విరిగి ఉన్నాయి, ఎప్పుడో తగిలిన తుపాకీ దెబ్బకు. జింకను పట్టలేని పులి మనిషి మీద పడింది. గాయమో ముసలితనమో ముంచుకొస్తే తప్ప పులి నరమాంసానికి దిగదని ఆయన 1944లో రాశాడు. సుందర్‌బన్స్ లాంటి చోట్ల తప్ప, మామూలు పులి మనిషిని చూసి తప్పుకునేదే. పిల్లలతో ఉన్న తల్లి దగ్గరికి, వేటాడిన జంతువు దగ్గరికి పోకూడదు. ఎదురుపడితే పరుగెత్తకూడదు, వీపు చూపకూడదు. దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి అడుగులేయాలి.

బలం లెక్కన చూస్తే పులి ముందు, తర్వాత ఎలుగు, ఆ తర్వాత చిరుత. ఈ దారిలో మనకు ప్రమాదం లెక్కన ఎలుగు ముందు. పిల్లలుంటే చిరుత, ఆ తర్వాతే పులి. మన భయం మాత్రం బలం లెక్కనే నడుస్తోంది.

మార్చి 5, మంగళవారం

పిల్లలను కూర్చోబెట్టి చెప్పాను. మాట్లాడుకుంటూ నడవాలి. ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద, మధ్యలో మీరు. ఎలుగు మీదికొస్తే, తప్పుకునే వీలు లేకపోతే, బోర్లా పడుకుని మెడ వెనక చేతులు పెనవేయాలి, ముఖం నేలకు ఆనించాలి. అది వెళ్ళిపోయిందాకా లేవకూడదు. చిన్నోడు నేలమీద పడుకుని చేసి చూపించాడు. ఇంకో రెండుసార్లు చేయించాను.

మార్చి 6, బుధవారం, నాగలూటి

వీరభద్రస్వామి గుడి దగ్గర మజిలీ. దారంతా జనం, దారంతా శివనామం. “శంభో శంకర” అనుకుంటూ గుంపుగా నడవడం కన్నా మంచి రక్ష ఈ అడవిలో లేదు. మనం వస్తున్నామని అడవికి ముందే తెలుస్తుంది, జంతువులు తప్పుకుంటాయి. భక్తి చేసే మేలు ఇక్కడ కళ్ళకు కనిపిస్తోంది.

మార్చి 7, గురువారం, పెచ్చెరువు

తెల్లవారుజామున చూసింది రాసి తీరాలి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెంబు పట్టుకుని పొదల్లోకి పోతున్నారు. నలుగురూ లేవకముందే పోవాలని మౌనంగా, లైటు వేయకుండా. ఎలుగుకు ఎదురుపడే తీరు సరిగ్గా ఇదే. వంగి కూర్చున్న మనిషి చిరుత కంటికి చిన్న జంతువులా కనిపిస్తుంది. దారిలో వేలమంది ఉన్నా ఆ కాసేపు ఆమె ఒంటరిదే. మా వాళ్ళను ఇద్దరిద్దరుగా, టార్చి వేసుకుని, మాట్లాడుకుంటూ పొమ్మన్నాను. మజిలీ చుట్టూ మిగిలిన అన్నం, కొబ్బరి చిప్పలు పారేసి ఉన్నాయి. కొబ్బరి రుచికి శిఖరేశ్వరం దాకా ఎలుగు వచ్చిన సంగతి నిరుడు పేపర్లలో చదివాం కదా. చేతనైనంత ఏరి సంచిలో కట్టాం.

మార్చి 9, శనివారం, శ్రీశైలం

నిన్న దర్శనమైంది. భీమునికొలను దిగి ఎక్కి, కైలాసద్వారం చేరేదాకా పిల్లలు మా మధ్యనే ఉన్నారు.

ఇంటికి పోయాక పెద్దలకు ఒక అర్జీ రాయాలి. పులి బొమ్మ గీసిన హెచ్చరిక బోర్డులు చాలు. ప్రతి మజిలీలో దీపాలున్న మరుగుదొడ్లు కావాలి, తిండి చెత్తకు మూతల తొట్లు కావాలి, పొద్దు వాలాక పిల్లలున్న కుటుంబాలను ఆపే మనిషి కావాలి. దారి తెలిసిన చెంచులకే ఆ పని, దానికి తగ్గ జీతం ఇవ్వాలి. ఆ తెల్లవారుజామున చెంబు పట్టుకుని పొదల్లోకి పోయిన ఆడవాళ్ళ సంతకాలు ఆ అర్జీ మీద మొదట ఉండాలి.