తెగే హక్కున్న తీగ

కంప్యూటర్‌తో కచేరీ చేసేవాళ్లకి మొదట ఉండే సంబరం ఏ శబ్దమైనా పుట్టించగలమన్నదే. వేదికెక్కాక అదే గుదిబండ అవుతుంది. అన్నీ చెయ్యగలిగితే ముందు ఏది చెయ్యాలో చేతికి తోచదు. మోత ఎందుకు పెరిగిందో, ఎందుకు ఆగిందో వినేవాళ్లకీ అంతుపట్టదు. నాకు దారి చూపింది ఊహాయంత్రం. ఎక్కడా లేని వస్తువును మనసులో కట్టుకుని, దానికి పొడవూ బరువూ బిగువూ ఇచ్చి, ఆపైన అది చెప్పినట్టు వినడమన్నమాట.

1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ ప్రచురించిన తీగనే తీసుకోండి. వంద అంకెల వరుసలో ఇష్టమొచ్చిన అంకెలు కుమ్మరించాలి. మీటడమంటే అదే. వరుసను గుండ్రంగా తిప్పుతూ, ప్రతి అంకెనూ పక్కదానితో కలిపి సగటు చేస్తూ పోవాలి. సెకనుకు 44,100 అంకెల చొప్పున వినిపిస్తే ఇంచుమించు 439 హెర్ట్జ్ శ్రుతి పలుకుతుంది. తొలి క్షణం బరబరమంటుంది. సగటు జరిగేకొద్దీ గరుకు అరిగిపోయి, మీటిన తీగ నాదం తేలి, మెల్లగా సన్నగిల్లుతుంది. తీగా లేదు, మెట్లూ లేవు.

మోగుతుండగానే వరుసను కొద్దికొద్దిగా కురచ చేస్తే వీణ మీద తీగ లాగినట్టు గమకం వస్తుంది. చిక్కల్లా, ఈ తీగను ఎంత లాగినా తెగదు. అందుకే హద్దు దాటితే తెగేలా నేనే రాసి పెట్టుకున్నాను. తెగితే నాదం ఆగిపోతుంది, అందరి ముందూ మళ్లీ శ్రుతి చేసుకోవాలి. అప్పటినుంచి నేను లాగుతుంటే ముందు వరుసవాళ్లు బిగుసుకుని కూర్చుంటున్నారు. తెగుతుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు!

1994లో యమహా తెచ్చిన వీఎల్1 కూడా లేని గొట్టాన్ని లెక్కగట్టి ఊదించిన వాద్యమే. తోటి సింథసైజర్లు డజన్లకొద్దీ స్వరాలు పలికిస్తున్న రోజుల్లో ఇది ఒకేసారి రెండే పలికేది. నన్నడిగితే ఆ పిసినారితనమే దాని అందం.

ఇప్పుడు డప్పు కడుతున్నాను. అసలు డప్పును మంట దగ్గర కాచి బిగువు తెప్పిస్తారు కదా, నాదీ వాయించేకొద్దీ వదులవుతుంది, కాచుకోవాలి. కాగడానికి ఎంతసేపివ్వాలన్నది ఇంకా తేలలేదు. మరీ త్వరగా కాగితే బిగువుకి విలువుండదు, ఆలస్యమైతే జనం టీకి లేచిపోతారు.