పువ్వులు రాలిన తరువాత



ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ మొక్క పూసిందంటే పువ్వులు రెండు మూడు నెలలు నిలుస్తాయి. అవి రాలాక మిగిలేది నాలుగు ఆకులు, ఒక ఒట్టి కాడ. చచ్చిపోయిందనుకుని చాలామంది పారేస్తారు. అది చావలేదు. మళ్ళీ బలం కూడగట్టుకుంటోంది.

మా ఇంట ఇప్పుడు అలాంటి మొక్క ఒకటి ఉంది. మన సంఘంలోని ఒక తల్లిగారికి ఆపరేషన్ అయినప్పుడు, బెంగళూరు నుండి కుమార్తె తెచ్చిన మొక్క అది. ఆ తల్లిగారి అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాము. పువ్వులున్న రోజుల్లో ఆ ఇంటికి పండ్లతో వచ్చినవారు, ప్రార్థించినవారు ఎందరో. పువ్వులు రాలేసరికి మనుషుల రాకా తగ్గింది. “ఇంక దీన్ని పారేయించాలి అయ్యగారూ, దీనివల్ల ఏం లాభం?” అన్నారామె. ఆ మాట మొక్క గురించి మాత్రమే కాదని మాకు అర్థమైంది. అడిగి తెచ్చుకున్నాము.

పూలకాడ పచ్చగా ఉండి మొక్క బలంగా ఉంటే, కింద రెండు మూడు కణుపులు వదిలి కోయవచ్చు. అక్కడి నుండి ఒక్కోసారి కొత్త కొమ్మ వస్తుంది. మా మొక్క ఆకులు వాడి ఉన్నాయి గనుక కాడను మొదలుకంటా కోసి విశ్రాంతినిచ్చాము. ఇది అడవిలో చెట్టు కొమ్మల మీద బ్రతికే మొక్క. బదనికలా రసం పీల్చదు, ఆసరా మాత్రమే తీసుకుంటుంది. అందుకే దీనికి మట్టి పనికిరాదు, వేళ్ళకు గాలి ఆడాలి. కుళ్ళిన వేళ్ళు తీసేసి, బెరడు ముక్కలు, బొగ్గులు కలిపి కుండీ మార్చాము. వేళ్ళు వెండి రంగుకు తిరిగితే నీళ్ళు పోయాలి, పచ్చగా ఉంటే ఆగాలి. ప్రేమకొద్దీ రోజూ పోస్తే కుళ్ళిపోతుంది. తూర్పు కిటికీలో ఉదయపు వెలుగు చాలు. చలికాలంలో కొన్ని వారాలు రాత్రిళ్ళు 18 డిగ్రీల దాకా చల్లబడితే కొత్త కాడ వేసే అవకాశం ఉంది.

ఎనిమిది నెలలైంది. పువ్వు లేదు. ఒక కొత్త ఆకు, రెండు కొత్త వేళ్ళు వచ్చాయి. నీళ్ళు పోసే రోజునే ఆ తల్లిగారినీ చూసి వస్తున్నాము. మొక్క సంగతి ఆమే ముందు అడుగుతున్నారు.

లూకా సువార్త 13వ అధ్యాయంలోని తోటమాలి, ఫలించని అంజూరపు చెట్టుకు ఇంకొక ఏడు గడువు అడిగాడు. ఊరకే అడగలేదు, చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానన్నాడు. గడువు అడిగినవాడే పలుగు పట్టుకోవాలి.

ప్రియులారా, జబ్బు చేసిన మొదటి వారం అందరం వెళతాము. ఆరో నెలలో ఎవరు వెళుతున్నారు? సమాధి కార్యక్రమం అయ్యాక తలుపు తట్టేవారు లేని ఇల్లు మీ పేటలో ఉందేమో చూడండి. పండ్లు తీసుకెళ్ళనక్కరలేదు. గంటసేపు ప్రసంగించనూ అక్కరలేదు. కాసేపు కూర్చుని, మళ్ళీ వారం కూడా వెళ్ళండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.