బండ మాట

మా గోదావరిఖనిలో గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. ‘మీ నాయిన బాయికి పోయిండా?’ అన్నదే పొద్దుటి పలకరింపు. 1980లలో మాది రెండు గదుల క్వార్టర్. నాయినది రాత్రి షిఫ్ట్ అయితే పగలు ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. అమ్మ మమ్మల్ని వేపచెట్టు కిందికి తోలేది.

నాయిన కోల్ ఫిల్లర్. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బులు నింపేవాడు. పని మొదలయ్యే ముందు భద్రత చూసే సర్దార్ కట్టెతో పైబండను కొట్టి చూస్తాడు. గట్టి బండ కంగుమంటుంది. విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది. అప్పుడు దాన్ని రాల్చేదాకా, లేదా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టేదాకా ఎవరూ అటు పోరు. సర్దార్ చూసి వెళ్లాక నాయిన మళ్లీ కొట్టి వినేవాడు.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా వేలి కణుపుతో తట్టి చెవి పెట్టేవాడు. నన్ను కళ్లు మూసుకుని వినమనేవాడు. పగులున్న కుండను నేను మొదటిసారి పసిగట్టిన రోజు, పరీక్ష పాసైనట్టు వాడంతా చెప్పుకున్నాడు.

‘భయం కాదా నాయినా?’ అని ఒకసారి అడిగాను.

‘అయితది బిడ్డా. భయమున్నోనికే బండ మాట ఇనబడ్తది.’

రామగుండం ఎన్‌టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. రాత్రిళ్లు అటు దీపాలు చూపించి, ‘మేం నింపిందే ఆడ మండుతంది’ అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నడుం నొప్పి ఎటు పోయేదో.

ఒక మధ్యాహ్నం వేళ కాని వేళ సైరన్ మోగింది. పక్క బాయిలో బండ కూలింది. ఆడవాళ్లంతా చెప్పులు లేకుండా పరుగెత్తారు. నాయిన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, అయినా అమ్మ వణుకు ఆగలేదు. మర్నాడు అన్నం డబ్బా కట్టనంది. నాగా పెట్టమని కాళ్లకు అడ్డం పడింది. నాయిన గొంతు పెంచలేదు.

‘నేను పోకుంటె మా జతగానికి బండ ఎవడు ఇంటడు?’

అమ్మ లేచి డబ్బా కట్టింది.

నాయిన 31 ఏళ్లు బాయి దిగాడు. ఆయన పక్కన పనిచేసినవాళ్లలో ఒక్కడు కూడా బండ కింద పోలేదు.