గ్రాముల తేడా

మిరప కోతలయ్యేసరికి మా ట్రాక్టరు ఇంజను బోరుకు వచ్చింది. దాని అప్పే ఇంకా తీరలేదు. చిలకలూరిపేటలో మేస్త్రి పిస్టన్లను, కనెక్టింగ్ రాడ్లను ఒక్కొక్కటిగా తూచాడు. ఒక రాడ్డు పెద్ద చివర 20 గ్రాములు ఎక్కువ తూగింది. మునుపు బాగుచేసినవారెవరో వేరే బండిది వేశారట! ఇంజను వణకడానికి, బేరింగులు త్వరగా అరగడానికి అదీ ఒక కారణమన్నాడు.

క్రాంకు నడిమికి 5 సెంటీమీటర్ల దూరంలో తిరిగే 20 గ్రాములు, నిమిషానికి 2000 చుట్ల వేగంలో సుమారు నాలుగున్నర కిలోల బలంతో పక్కకు లాగుతాయి. వేగం రెట్టింపయితే లాగుడు నాలుగింతలు. మేస్త్రి ఆ చివర కొద్దికొద్దిగా అరగదీసి, రాడ్లన్నిటినీ సమానం చేశాడు.

ప్రియ చదువరులారా, బోరు చేయించేటప్పుడు తూకం అడగండి. పత్తి కాటా దగ్గర కిలో తేడాకు పోట్లాడే మనం, ఇంజనులో గ్రాములు ఎందుకు వదలాలి?