అరకులో మూడు అలారాలు

విశాఖ నుంచి కిరండూల్ రైలు పొద్దున్నే బయల్దేరుతుంది. సీటు దొరగ్గానే అందరూ చేసే పని కిటికీ పక్కకి జరగడం. నేను మాత్రం ముందు బ్యాగు పక్క జిప్పు తీసి మందుల డబ్బా చూసుకుంటాను. ఉంది. ఇంకో స్ట్రిప్పు మా రూమ్మేట్ బ్యాగులో ఉంది. ఒక బ్యాగు పోయినా ఇంకోటి ఉంటుంది కదా. ఆ తర్వాతే కిటికీ.

నాకు ఇరవై ఆరేళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. రెండేళ్ల కిందట దాని స్థానంలో మెకానికల్ వాల్వ్ వేశారు. దాని మీద రక్తం గడ్డకడితే ప్రమాదం, ఆ గడ్డ మెదడుకి వెళ్తే పక్షవాతం. అందుకే రోజూ ఎసినోకౌమరాల్ మాత్ర వేసుకోవాలి. ఎసిట్రోమ్ అంటే చాలామందికి తెలుస్తుంది. రక్తం పల్చబడే మందు అంటాం గానీ, రక్తమేమీ నీళ్లలా అయిపోదు. గడ్డకట్టడానికి మామూలు కన్నా ఎక్కువ టైమ్ పడుతుంది, అంతే.

శృంగవరపుకోట దాటాక కొండలు మొదలవుతాయి. త్యాడ, చిమిడిపల్లి... ఒక్కో స్టేషన్‌కీ చెవులు కొంచెం మూసుకుపోతుంటాయి. అరకు వెళ్లేలోగా 58 సొరంగాలు అని చెబుతారు. చీకటి రాగానే బోగీ అంతా ఒకటే కేకలు, ఈలలు. వెలుగు రాగానే కింద లోయ, ఎదురుగా పచ్చటి కొండ, మళ్లీ చీకటి.

ఇది నా రెండో అరకు ట్రిప్పు. మొదటిది బొర్రా దగ్గరే ఆగిపోయింది.

అప్పటికి ఆఫీసులో చేరి ఆరు నెలలు. వాల్వ్ సంగతి రూమ్మేట్‌తో సహా ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిగా చూస్తారని, ట్రిప్పులకి పిలవరని భయం. మాత్ర బాత్రూమ్‌లోకి వెళ్లి వేసుకునేదాన్ని.

బొర్రా గుహలు చూసినవాళ్లకి తెలుసు. లోపలికి దిగగానే ఒంటికి చల్లగా తగులుతుంది. పైనుంచి సున్నపురాయి నీళ్లు చుక్కచుక్కగా పడుతుంటాయి. రంగు లైట్ల వెలుగులో ఒక రాయి వినాయకుడిలా, ఇంకోటి ఏనుగులా కనిపిస్తుంది. లోపల మెట్లెక్కితే శివలింగం. ఒక ఆవు పైనున్న కన్నంలోంచి గుహలో పడిందని, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పశువుల కాపరికి ఈ లింగం కనబడిందని, అందుకే ఇక్కడి నదికి గోస్తని అని పేరొచ్చిందని స్థానికులు చెప్పే కథ.

ఆ మెట్లు దిగుతుంటేనే కాలు జారింది. తల వెళ్లి రెయిలింగ్‌కి తగిలింది. చిన్న బొప్పి. రక్తం లేదు, కళ్లు తిరగలేదు. నవ్వేసి లేచాను.

కానీ లోపల డాక్టర్ మాట తిరుగుతోంది. ఈ మందు వాడేవాళ్లు తలకి దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. మెదడు దగ్గర రక్తస్రావం మొదలైతే వెంటనే తెలియకపోవచ్చు. తెలిసేసరికి ఆలస్యం అయిపోవచ్చు.

చెబితే అందరి ట్రిప్పూ పాడవుతుంది. చెప్పకపోతే? పావుగంట అలాగే నడిచాను.

మా రూమ్మేట్‌ది శ్రీకాకుళం. బొప్పి చూద్దామని ఒక మూలకి తీసుకెళ్లి, నా తల దగ్గరికి వంగింది. చుట్టూ ఎవరూ లేరు, నిశ్శబ్దం.

"ఏటే ఆ సౌండు? వాచీయా?"

నా చేతికి వాచీ లేదు. మెకానికల్ వాల్వ్ మూసుకున్నప్పుడల్లా సన్నగా టిక్ టిక్ మంటుంది. నిశ్శబ్దంలో పక్కవాళ్లకి కూడా వినిపిస్తుంది.

చెప్పేశాను. అక్కడే, ఆ చీకట్లో, ఏడుస్తూ.

అది ఇంకో మాట మాట్లాడలేదు. పైకొచ్చి కారు మాట్లాడింది. ఘాట్ రోడ్డు మీద దాదాపు మూడు గంటలు. విశాఖలో ఒక ఆసుపత్రిలో స్కాన్ తీశారు. తలలో ఏమీ లేదు. కానీ రక్తపరీక్ష రిపోర్టు చూసి డాక్టర్ ముఖం మారింది. ఐఎన్ఆర్ 5 దాటింది. నా వాల్వ్‌కి అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే గడ్డకట్టే భయం, పెరిగితే రక్తస్రావం భయం. ఒక్కొక్కరి జబ్బుని బట్టి ఈ లెక్క మారుతుంది.

"ఈ మధ్య కొత్తగా ఏమైనా మందు వాడావామ్మా?"

వాడాను. వారం ముందు విరేచనాలైతే మందుల షాపులో మెట్రోనిడజోల్ కొనుక్కుని వేసుకున్నాను. అది ఈ మాత్ర ప్రభావాన్ని బాగా పెంచేస్తుంది. దానికి తోడు సరిగ్గా తినకపోవడం. ఆ రోజు దెబ్బ కొంచెం గట్టిగా తగిలి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. రాత్రంతా అక్కడే ఉంచి, డోసు సర్ది పొద్దున పంపించారు.

ఈసారి మాత్రం రైలు బొర్రా దాటింది. వెయ్యి మీటర్లకి దగ్గర ఎత్తులో ఉన్న శిమిలిగూడ వచ్చింది, తర్వాత అరకు. చలికాలం మొదలు కాబట్టి కొండవాలు పొడవునా వలిసె పూలు విరబూశాయి. పొలమంతా పసుపు ఆరబోసినట్టుంది.

భోజనానికి ఆకుకూర పప్పు, బొంగు చికెన్. ఆకుకూర చూసి మా ఫ్రెండ్ ఒకతను ఆగిపోయాడు. "నువ్వు తినకూడదు కదా?" అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ మానేయక్కర్లేదు. వారం అంతా ముట్టకుండా ఉండి ఒక్కరోజు గిన్నెడు గోంగూర లాగించడమే తప్పు. రోజూ ఇంట్లో ఎంత తింటానో ఇక్కడా అంతే వడ్డించుకున్నాను. జీలుగు కల్లు ముంత నా దాకా వస్తే పక్కవాళ్లకి ఇచ్చేశాను. మద్యం కూడా ఐఎన్ఆర్‌ని అటూ ఇటూ చేస్తుంది.

తింటూ వాళ్లకి ఈ మందు పుట్టిన కథ చెప్పాను. 1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చచ్చిపోయేవి. ఆ గడ్డిలో ఉన్నదేంటో విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం కనిపెట్టింది. దాని నుంచే వార్ఫరిన్ వచ్చింది. 1948లో ఎలకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకి మందుగా అనుమతిచ్చారు. నా మాత్ర దానికి చుట్టమే. "బొర్రా ఆవు బతికిపోయింది, ఆ గడ్డి తినలేదు" అన్నాడు మావాడు.

సాయంత్రానికి నడిచి నడిచి మోకాళ్లు లాగేశాయి. ఒకరు పెయిన్‌కిల్లర్ ఇవ్వబోతే మా రూమ్మేటే చెయ్యి అడ్డం పెట్టింది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి డాక్టర్ చెప్పకుండా వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు. పారాసిటమాల్ వేసుకున్నాను, అదీ తక్కువే. షాపులో "ఒక సూది వేసేస్తా" అన్నా వద్దనాలి. కండకి చేసే ఇంజెక్షన్‌తో లోపల రక్తం గడ్డలా చేరుతుంది.

ఇప్పుడు నా పర్సులో ఒక కార్డు ఉంటుంది. ఏ వాల్వ్, ఏ మాత్ర, ఎంత డోసు, డాక్టర్ నంబరు. ట్రిప్పుకి ముందే ఐఎన్ఆర్ చూపించుకుంటాను. పన్ను తీయించుకున్నా, జ్వరానికి వెళ్లినా మొదటి మాట ఇదే చెబుతాను. మలం నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం కనబడినా, పది నిమిషాలు నొక్కి పట్టినా ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా, మాట తడబడినా, ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికే. ఒక పూట మాత్ర మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోమన్నారు. మర్నాడు రెండు కలిపి మాత్రం వద్దన్నారు. ఐఎన్ఆర్ పరీక్ష అక్కర్లేని కొత్త మందులున్నాయి గానీ, నాలాంటి మెకానికల్ వాల్వ్‌వాళ్లకి అవి పనికిరావు. అవి వాడేవాళ్లకి మర్చిపోయిన డోసు లెక్క వేరు, వాళ్ల డాక్టర్‌నే అడగాలి.

ఏడు కావొస్తోంది. చలి బాగా దిగింది. చలిమంట చుట్టూ కూర్చుని అరకు కాఫీ తాగుతున్నాం. దూరంగా ఎక్కడో థింసా డప్పు వినిపిస్తోంది. ఫోన్లలో సిగ్నల్ లేదు. అలారానికి సిగ్నల్‌తో పనేముంది? సరిగ్గా ఏడింటికి నా ఫోన్ మోగింది. వెంటనే రూమ్మేట్ ఫోను. ఆ వెంటనే పొద్దున ఆకుకూర గురించి అడిగిన ఆ అబ్బాయి ఫోను కూడా.

"నువ్వెప్పుడు పెట్టుకున్నావురా?" అన్నాను.

"రైల్లో" అని నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

ఈసారి బాత్రూమ్‌లోకి వెళ్లలేదు. అక్కడే, అందరి ముందే వేసుకున్నాను.