పచ్చి మాంసం పెట్టేవాళ్లకు ఒక్క మాట

జల్‌పల్లి చికెన్ షాపుల్లో మెడలు, కందనకాయలు కుక్కల కోసమే కట్టించుకునేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. సంతోషం. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో పుస్తకం రాసి జనంలోకి తెచ్చిన పచ్చి మాంసం పద్ధతి ఇది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు రోజుకు దాని బరువులో రెండు మూడు శాతం చాలంటారు. 20 కిలోల కుక్కకైతే 400 నుంచి 600 గ్రాములు. అందులో ఎక్కువ భాగం కండ, కొంచెం మెత్తని పచ్చి ఎముక, కొంచెం కార్జం. ఉడికిన ఎముక మాత్రం వద్దే వద్దు, చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

నా భయమంతా మేక, గొర్రె కార్జం, ఊపిరితిత్తుల గురించే. కోసేటప్పుడు వాటి మీద గోలీ అంత తెల్లటి బుడగ, లోపల నీళ్లు కనిపిస్తే అది హైడాటిడ్ తిత్తి కావచ్చు. అది పచ్చిగా తింటే కుక్క పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలం నుంచి మన పిల్లల చేతులకంటి నోట్లోకి పోతే, అవే తిత్తులు పిల్లల కాలేయంలో పెరుగుతాయి. దయచేసి అలాంటివి కుక్కకు వేయకండి, వీధిలోనూ పారేయకండి. మేక, గొర్రెల కార్జం, ఊపిరితిత్తులు ఎప్పుడైనా బాగా ఉడికించే పెట్టండి. డాక్టర్ చెప్పినట్టు కుక్కకు పేగుపురుగుల మందు వేయించండి.

ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన సాల్మొనెల్లా చావదు. గిన్నె, గచ్చు, చేతులు సబ్బుతో కడగాల్సిందే. ఇంట్లో పసిపిల్లలో, గర్భిణులో, కీమో తీసుకుంటున్న పెద్దవాళ్లో ఉంటే, ఉడికించిన మాంసమే పెట్టమంటాను.